ప్యాకెట్ వేరు, ఆట వేరు

పిల్లల చేతిలో పోకెమాన్ కార్డులు చూడగానే మన ఇళ్లలో పెద్దవాళ్లకు పేకాట గుర్తొస్తుంది. ఆ భయం పూర్తిగా తప్పని నేననను. కాకపోతే పెట్టుకోవాల్సిన చోట పెట్టుకోవడం లేదు. 1960ల చివర్లో సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు ఒక తేడా చెప్పింది. మూడుముక్కలాట ఉత్త అదృష్టం. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి నైపుణ్యం పాలే ఎక్కువ అంది. పోకెమాన్‌లో ఈ రెండూ ఒకే దుకాణంలో దొరుకుతాయి. లోపల ఏముందో తెలియని ప్యాకెట్ కొని చించడం మొదటి రకం. డెక్ కట్టుకుని ఎదుటివాడితో ఆడటం రెండో రకం. టోర్నమెంటుకు వెళ్తానంటే వద్దని, పుట్టినరోజుకు మాత్రం డబ్బాలకొద్దీ ప్యాకెట్లు కొనిచ్చేవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తున్నారు.

1996లో జపాన్‌లో మొదలైన ఈ ఆటలో డెక్ అంటే కచ్చితంగా 60 కార్డులు. బేసిక్ ఎనర్జీ అనే రకం కార్డులు తప్ప ఏ పేరు కార్డూ నాలుగుకు మించకూడదు. చేతిలో ఏడు కార్డులతో మొదలవుతుంది. ఆరు ప్రైజ్ కార్డులు పక్కన బోర్లించి ఉంటాయి. అవతలి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడు వాటిలోంచి తీసుకోవాలి. ఆరూ అయిపోతే గెలుపు. తన వంతు వచ్చేసరికి డెక్‌లో తీసుకోవడానికి కార్డు లేకపోతే ఓటమి. ప్రొఫెసర్స్ రీసెర్చ్ అనే కార్డు ఒకటుంది. అది వేస్తే చేతిలో ఉన్నవన్నీ పారేసి కొత్తగా ఏడు తీసుకోవచ్చు. చేతిలో ఒక మంచి కార్డు ఉన్నప్పుడు దాన్ని వదులుకోవాలా, ఇంకో వంతు ఆగాలా? పదేళ్ల పిల్ల ఆ లెక్క వేస్తుంటే పక్కన కూర్చుని చూడండి. ఎందుకలా వేశావో తెలుగులో చెప్పమనండి. కార్డు మీది ఇంగ్లీషు చదివి, అర్థం చేసుకుని, అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పడం చిన్న విషయం కాదు.

ఇక కొనడం సంగతి. టోర్నమెంటుకు కావలసిన కలెక్షన్ మీరనుకునేంత పెద్దది కాదు. ముందు లిస్టు, తర్వాతే కొనుగోలు. ఏ 60 కార్డులు కావాలో పిల్లాడి చేత కాగితం మీద రాయించండి. పోకెమాన్ టీసీజీ లైవ్ అనే ఉచిత యాప్‌లో ముందే రెడీ డెక్‌లు ఇస్తారు. ఏ రకం ఆట వాడికి నచ్చుతుందో అందులో కొన్నాళ్లు ఆడి తేల్చుకోనివ్వండి. ఆ తర్వాత లిస్టులో ఉన్నవి సింగిల్స్‌గా, అంటే విడి కార్డులుగా కొనండి. ఒక్క కార్డు కోసం ప్యాకెట్ మీద ప్యాకెట్ చించితే ఖర్చుకు అంతుండదు.

ఆటగాడికి సాయంగా వాడే ట్రెయినర్ కార్డులతో కొనడం మొదలుపెట్టడం మేలు. అల్ట్రా బాల్, బాసెస్ ఆర్డర్స్ లాంటివి ఒక డెక్ విప్పేసి ఇంకోటి కట్టినా పనికొస్తాయి. ఒకే కార్డు మామూలు అచ్చులోనూ, మెరిసే బొమ్మతో ఖరీదైన అచ్చులోనూ వస్తుంది. బల్ల మీద రెండూ ఒకటే పని చేస్తాయి. మెరిసేదే కావాలంటే అది తన పాకెట్ మనీలోంచి కొనుక్కోమనండి.

కార్డు కింద ఎడమ మూలన చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. స్టాండర్డ్ అనే పద్ధతిలో జరిగే టోర్నమెంట్లలో ఏ అక్షరాలు చెల్లుతాయో కంపెనీ ఏటా మారుస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఎఫ్ అక్షరం కార్డులు పక్కకు వెళ్లాయి. పాత కార్డు మళ్లీ కొత్త అక్షరంతో అచ్చయితే తప్ప దానికి అక్కడ చోటు లేదు. కాబట్టి కొనేముందు ఆ అక్షరం చూడండి. ఇది పెట్టుబడి, రేపు లక్షలవుతాయి అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఆడే డెక్ మీద పెట్టిన డబ్బు, క్రికెట్ కోచింగ్‌కు కట్టే ఫీజులా, ఖర్చు కిందే రాసుకోవాలి.

మన బొమ్మల దుకాణాల్లో బంగారు పూత పూసిన ప్లాస్టిక్ పోకెమాన్ కార్డులు అమ్ముతారు చూశారా, అవి అసలువి కావు. ఇంట్లో అన్నాచెల్లెళ్లు ఆడుకుంటే ఆడుకోనివ్వండి. టోర్నమెంటులో అవి చెల్లవని మాత్రం వెళ్లేముందే చెప్పండి. అక్కడ జడ్జి నోటివెంట వింటే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. అమెరికా నుంచి వచ్చే బాబాయి ఏం తెమ్మంటారని అడిగితే ప్యాకెట్లు కాదు, లీగ్ బ్యాటిల్ డెక్ తెమ్మనండి. విప్పగానే ఆడుకోగలిగే 60 కార్డులు అందులో ఉంటాయి.

పిల్లలు కార్డులు మార్చుకునే దగ్గర కాస్త కళ్లు తెరిచి ఉండాలి. పెద్దపిల్లలు చిన్నపిల్లల దగ్గర ఖరీదైన కార్డు తీసుకుని పనికిరానివి నాలుగు అంటగట్టడం జరుగుతూనే ఉంటుంది. "అమ్మకు చూపించి చెబుతాను" అనే ఒక్క మాట నేర్పితే చాలు. కార్డులు దాచుకునే బైండర్ మొత్తం టోర్నమెంటు హాలుకు మోసుకెళ్లాల్సిన పనీ లేదు, డెక్ ఒక్కటి చాలు. కార్డులకు తొడిగే స్లీవ్స్ అన్నీ ఒకే రకానివి, కొత్తవి ఉండాలి. మూల నలిగిన స్లీవ్ ఉంటే కార్డుకు గుర్తు పెట్టారన్న అనుమానం వస్తుంది.

పెద్ద పోటీల్లో పుట్టిన సంవత్సరాన్ని బట్టి జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని మూడు విభాగాలుంటాయి. మీ చిన్నవాడు కాలేజీ కుర్రాళ్లతో తలపడాలేమోనని బెంగ వద్దు. అయితే ఊళ్లో జరిగే చిన్న పోటీలకు తక్కువమంది వస్తే అందరినీ కలిపి ఆడిస్తారు, అది ముందే కనుక్కోండి. సాధారణంగా స్విస్ పద్ధతిలో ఆడిస్తారు, అంటే మొదటి ఆట ఓడినా ఇంటికి పంపరు. దాదాపు అంతే పాయింట్లున్న ఇంకొకరితో తర్వాతి ఆట ఉంటుంది. రెండు ఆటల మధ్య ఎందుకు ఓడావని ఆరా తీయకండి. మంచినీళ్లూ తినడానికేమైనా చేతిలో పెట్టండి. ఆడుతున్నప్పుడు వెనక నిలబడి సైగలు అసలే చేయకండి, శిక్ష పిల్లలకే పడుతుంది.

పోటీలో ఇవ్వాల్సిన డెక్ లిస్టు పిల్లల చేతే నింపించండి, కానీ ఇచ్చేముందు మీరు పక్కన కూర్చుని 60 కార్డులూ ఒక్కొక్కటే లెక్కపెట్టించండి. లిస్టుకూ డెక్‌కూ తేడా వస్తే ఎంత చిన్నపిల్లలైనా పెనాల్టీ తప్పదు.