సందేహాలు - సమాధానాలు: మచ్చ పుట్టించే జన్యువు, మచ్చను పాకించే జన్యువు ఒకటేనా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి అరవై దాటాయి. అరికాల్లో నల్లమచ్చ కనిపిస్తే పొలంలో ముల్లు విరిగిందనుకున్నాం. తర్వాత ఆనెకాయ అనుకుని పసరు కట్టించాం. ఇప్పుడు గజ్జల్లో బిళ్ళ కట్టింది. ముక్క తీసి పరీక్ష చేస్తే మెలనోమా అన్నారు. కత్తి తగిలింది కాబట్టే పాకిందని మా పెద్దమ్మ ఒకటే పోరు. ఆస్పత్రిలో జన్యుపరీక్ష కూడా రాశారు. అంటే మా అన్నదమ్ములకు కూడా వస్తుందా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పెద్దమ్మగారికి ఒక్క విషయం గుర్తు చేయండి. బిళ్ళ కట్టింది ముందు, కత్తి తగిలింది తర్వాత. ముక్క తీయడం వల్ల మెలనోమా పాకదు. ముక్క తీయకుండా పసరు కట్టుకుంటూ కూర్చుంటే మాత్రం పాకుతుంది.

మీకు రాసిన పరీక్ష వంశం గురించి కాదు. నాన్నగారి మచ్చలోని కణాల్లో, ఆయన పుట్టాక ఎప్పుడో వచ్చిన మార్పులను వెతికే పరీక్ష అది. ఆ మార్పులు ఆ గడ్డలోనే ఉంటాయి, పిల్లలకు రావు. వంశంలో నడిచే మెలనోమా కూడా లేకపోలేదు. సీడీకేఎన్2ఏ అనే జన్యువు పుట్టుకతోనే దెబ్బతిన్న కుటుంబాల్లో ఒకరి తర్వాత ఒకరికి మెలనోమా వస్తుంది, కొందరికి క్లోమం క్యాన్సర్ కూడా వస్తుంది. మీ ఇంట్లో అలాంటి చరిత్ర లేకపోతే అన్నదమ్ములు రక్తపరీక్షలకు పరుగెత్తనక్కర్లేదు. అద్దం పెట్టుకుని ఎవరి అరికాళ్ళు వాళ్ళు చూసుకోండి, చాలు.

అరికాలు, అరచెయ్యి, గోటి కింద వచ్చే రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. మన రంగు వాళ్ళకు వచ్చే మెలనోమాల్లో ఈ రకం వాటా ఎక్కువ. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది ఇదే. 1981లో, 36 ఏళ్ళకే ఆయన పోయారు. ఎండ వల్ల వచ్చే రకంలో డీఎన్ఏ అక్షరాలు వేల సంఖ్యలో మారతాయి. అరికాలి రకంలో అలాంటివి తక్కువ, క్రోమోజోముల ముక్కలే విరిగి, తారుమారై, కొన్నిచోట్ల అవే పదేపదే చేరతాయి. కొందరిలో కిట్ అనే జన్యువు మారి ఉంటుంది. అది దొరికితే ఇమాటినిబ్ మాత్ర కొందరికి పనిచేస్తుంది. రిపోర్టు వచ్చాక కిట్, బీర్యాఫ్, ఎన్‌రాస్ జన్యువులు మూడింటి సంగతీ అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. వీపు మీది పుట్టుమచ్చ రంగు మారితే తీసేశారు. మెలనోమా, లోతు 0.6 మిల్లీమీటర్లు, పుండు లేదు, బీర్యాఫ్ వీ600ఈ పాజిటివ్ అని రిపోర్టు. ఒళ్ళంతా పాకించే జన్యువు ఇదేనని ఎక్కడో చదివినప్పటి నుంచి నిద్ర లేదు.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ రిపోర్టులో చూడవలసిన అంకె 0.6. అమెరికా పాథాలజిస్టు అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో చెప్పిన కొలత ఇది. మచ్చ చర్మంలోకి ఎంత లోతు దిగిందన్నదే ముప్పు తేల్చే అంశాల్లో ముఖ్యమైనది. 0.8 లోపు ఉండి పుండు పడకపోతే చుట్టూ కాస్త చర్మం కలిపి తీసేయడంతో సాధారణంగా సరిపోతుంది. నిజానికి ఇంత పలచటి మచ్చకు బీర్యాఫ్ పరీక్షే అక్కర్లేదు. అది చేసి మీకు ఒరిగిందల్లా నిద్ర చెడడమే.

ఈ మార్పును బ్రిటన్ శాస్త్రవేత్తలు 2002లో పట్టుకున్నారు. చర్మపు మెలనోమాల్లో దాదాపు సగంలో ఉంటుంది. దీనివల్ల కణంలో 'విభజన చెందు' అన్న ఆజ్ఞ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. అయితే ఆ మరుసటి ఏడే ఇంకో సంగతి తేలింది. ఏ హానీ చేయని మామూలు పుట్టుమచ్చల్లో కూడా చాలావాటికి ఇదే మార్పు ఉంది! అవి కొంత పెరిగి ఆగిపోతాయి, ఎందుకంటే విభజనను ఆపే జన్యువులు అక్కడ పనిచేస్తున్నాయి. పైన చెప్పిన సీడీకేఎన్2ఏ వాటిలో ఒకటి. అలాంటివి కూడా చెడితేనే మచ్చ క్యాన్సర్ అవుతుంది.

మరి పాకడం? మొదటి మచ్చనూ, ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో పాకిన గడ్డనూ పక్కపక్కన పెట్టి చూస్తే ముఖ్యమైన జన్యుమార్పులు చాలావరకు అవే. పాకించే జన్యువు ఇదీ అని ఒక్కదాన్ని చూపించలేం. మారేది ఏ జన్యువు పలుకుతోంది, ఏది ఊరుకుంది అన్నదే. చర్మానికి రంగునిచ్చే కణాలు పిండదశలో వెన్ను దగ్గర పుట్టి, చర్మం దాకా ప్రయాణం చేసి వస్తాయి. మెలనోమా కణాలు ఆ పాత నడకను మళ్ళీ అందుకుంటాయి. మిట్ఫ్ అనే జన్యువు జోరు తగ్గితే కణం విభజన తగ్గించుకుని కదలడం మొదలుపెడుతుంది. కొత్త చోటు చేరాక జోరు పెంచుకుని అక్కడ పెరుగుతుంది. అక్షరం మారకుండా ఇటూ అటూ మారగలదు కాబట్టే మందులకు కూడా తప్పించుకుంటుంది.

కంటిలో వచ్చే మెలనోమా వేరు. అక్కడ బ్యాప్1 అనే జన్యువు పోతే కాలేయానికి పాకే ముప్పు బాగా ఎక్కువ. చర్మపు మెలనోమాకు ఆ లెక్క కట్టకండి.

బీర్యాఫ్ పాజిటివ్ అన్న మాట అక్కరకొచ్చేది జబ్బు ముదిరిన వాళ్ళకు. 2011లో వచ్చిన వెమురాఫెనిబ్ లాంటి మాత్రలు ఈ మార్పు ఉన్నవాళ్ళకే పనిచేస్తాయి. మీకు అవసరం పడలేదు. మీ డెర్మటాలజిస్టు చెప్పిన గడువుల్లో చర్మం చూపించుకుంటూ హాయిగా పడుకోండి.

ప్రశ్న: పదిహేనేళ్ళ కిందట నాకు మెలనోమా తీసేశారు. మళ్ళీ రాలేదు. మా తమ్ముడికి కిడ్నీ ఇద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇవ్వకండి. స్కాట్లాండ్‌లో ఒక దాతకు మెలనోమా తీసేసిన 16 ఏళ్ళ తర్వాత ఆ దాత కిడ్నీలు ఇద్దరికి అమర్చితే ఇద్దరికీ మెలనోమా వచ్చింది. 2003లో ప్రచురితమైన కేసు ఇది. ఆ దాత ఒంట్లో రోగనిరోధక శక్తి అణిచి ఉంచిన కణాలు, కిడ్నీ నిలబడడానికి ఆ శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళ ఒంట్లో లేచాయి. మీరు మీ ఒంట్లో క్షేమంగానే ఉండవచ్చు, ఆ కిడ్నీ తమ్ముడి ఒంట్లో అలా ఉండకపోవచ్చు. ఇంట్లో ఇంకెవరైనా సరిపోతారేమో చూడండి. ఈలోగా తమ్ముడి పేరు అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో నమోదు చేయించండి. ఆస్పత్రిలో దాత పరీక్షలకు మిమ్మల్ని పిలిస్తే మెలనోమా సంగతి మొదటే చెప్పండి.