పోటీ పరీక్షల ప్రత్యేకం: తోకచుక్కను ఢీకొట్టిన డీప్ ఇంపాక్ట్

తోకచుక్క గర్భంలో ఏముందో చూడటానికి నాసా చేపట్టిన ప్రయోగమిది.

- ప్రయోగం: 2005 జనవరి 12, డెల్టా-2 రాకెట్
- ఢీకొన్నది: 2005 జులై 4
- లక్ష్యం: టెంపెల్-1 తోకచుక్క (1867లో విల్హెల్మ్ టెంపెల్ కనుగొన్నారు)
- ఢీకొట్టిన భాగం: సుమారు 370 కిలోలు, ఎక్కువగా రాగి
- వేగం: సెకనుకు సుమారు 10.2 కి.మీ.
- ప్రధాన పరిశోధకుడు: మైఖేల్ ఎ'హెర్న్

ప్రజా స్పందన

ఆరు లక్షలకు పైగా జనం తమ పేర్లు పంపగా, వాటిని సీడీలో నింపి తోకచుక్కను ఢీకొట్టే భాగంలోనే అమర్చారు. గుద్దుకున్న క్షణంలో పేర్లన్నీ ఆవిరయ్యాయి. మాస్కోలో ఓ జ్యోతిషురాలు మాత్రం ఈ దెబ్బతో విశ్వ సమతౌల్యం, తన జాతకం తారుమారయ్యాయంటూ నాసాపై 30 కోట్ల డాలర్లకు దావా వేశారు. తాతయ్య తన అమ్మమ్మకు మొదట చూపించిన తోకచుక్క ఇదేనన్నది ఆమె వాదన. కోర్టు కేసు కొట్టేసింది. నిజానికి ఆ దెబ్బ పెద్ద విమానానికి దోమ తగిలినంతే, తోకచుక్క కక్ష్యలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

ఇవీ గుర్తుంచుకోండి

- ఏర్పడిన గుంతను 2011 ఫిబ్రవరిలో స్టార్‌డస్ట్ నౌక ఫొటో తీసింది.
- 2022లో నాసా డార్ట్ నౌక ఢీకొట్టిన డైమోర్ఫస్ తోకచుక్క కాదు, గ్రహశకలం. తికమక పడొద్దు.