ఫుట్‌బాల్ అకాడమీలో బిడ్డ – తల్లిదండ్రులకు ఒక పాఠము



బెంగుళూరు, చెన్నై, పూణే, భువనేశ్వర్ వంటి పట్టణములలో మన కుటుంబములు నివసించు పేటలలో ట్యూషను బోర్డుల ప్రక్కనే ఇప్పుడు ఫుట్‌బాల్ అకాడమీ బోర్డులు కూడ కనబడుచున్నవి. ఆరేళ్ల పిల్లవానికి బూట్లు, జెర్సీ కొని, తెల్లవారకముందే స్కూటరు మీద కూర్చుండబెట్టుకొని తండ్రి మైదానమునకు తీసికొని పోవుచున్నాడు. ఆట మంచిదే. పరుగెత్తు పిల్లవాడు తరగతిలో కూడ చురుకుగా ఉండునని ఏ ఉపాధ్యాయుడైనను ఒప్పుకొనును. అయితే ఆట ఎంపికగా మారినప్పుడు బిడ్డ మీదను, ఇంటిల్లిపాది మీదను ఒక బరువు పడును. ఈ పాఠము ఆ బరువును గూర్చినది.

తెలుగువారికి ఫుట్‌బాల్ కొత్త కాదు. 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో భారత జట్టు బంగారు పతకము గెలిచినప్పుడు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినప్పుడు జట్టుకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఉపాధ్యాయ వృత్తిలో నుండి వచ్చినవాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచెను. తొమ్మిదేళ్ల పిల్లవానిని నమోదు చేసికొని, నచ్చకపోయిన పంపివేయు పద్ధతి ఆ దినములలో మన దేశములో లేదు. ఆ పద్ధతి బాగుగా ముదిరి, దాని మేలును కీడును రెండును బయటపడిన దేశము ఇంగ్లాండు. కాబట్టి అక్కడి సంగతి ముందు చూచి, తరువాత మన పేటకు వత్తము.

జల్లెడ

ఇంగ్లాండులో 2012లో ప్రీమియర్ లీగ్ వారు పిల్లల శిక్షణకు ఒక పెద్ద ప్రణాళికను అమలులోనికి తెచ్చిరి. క్లబ్బుల అకాడమీలను నాలుగు తరగతులుగా విభజించిరి. ఎనిమిది తొమ్మిదేళ్లకే పిల్లవానిని క్లబ్బులో నమోదు చేసికొనవచ్చును. ఆరేడేళ్ల వారిని పిలిచి ఆడించి చూచుట కూడ కలదు. ఆ నమోదు ఏడాదికో, రెండేళ్లకో ముగియును. ముగిసినప్పుడెల్లను ఉంచుదుమా, పంపుదుమా అను నిర్ణయము వచ్చును. పదహారో ఏట పెద్ద వడపోత. అందులో నిలిచినవారికి రెండేళ్ల స్కాలర్‌షిప్. పద్దెనిమిదో ఏట మరియొక వడపోత.

పిల్లవానికి వెల కూడ కట్టబడెను. ఒక క్లబ్బులో పెరిగిన పిల్లవానిని మరియొక క్లబ్బు తీసికొనిన యెడల, 2012 నాటి లెక్క ప్రకారము, తొమ్మిది నుండి పదకొండేళ్ల జట్లలో గడిపిన ప్రతి సంవత్సరమునకు 3,000 పౌండ్లు చెల్లించవలెను. మొదటి తరగతి అకాడమీలో పన్నెండు నుండి పదహారేళ్ల జట్లలో గడిపిన ప్రతి సంవత్సరమునకు 40,000 పౌండ్లు. శిక్షణకు ఖర్చు పెట్టినవారికి పరిహారము ఇచ్చుట న్యాయమే గాని, పిల్లవాడు తనంతట తాను క్లబ్బు మారదలచిన యెడల ఆ సొమ్మే అడ్డుగోడ అగును.

మైకేల్ కాల్విన్ అను క్రీడా రచయిత 2017లో తన పుస్తకములో ఒక లెక్క చెప్పెను. ఇంగ్లాండులో జట్లలో ఆడు పిల్లలు సుమారు పదిహేను లక్షల మంది. వారిలో ప్రీమియర్ లీగ్ వరకు చేరువారు సుమారు 180 మంది. అనగా ఎనిమిది వేల పైచిలుకు మందిలో ఒక్కడు.

ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకొనిన మాట ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నది. పాఠము పూర్తి అయినదా లేదా అని తెలిసికొనుటకు మొదటి బెంచీ వైపు చూడరాదు, చివరి బెంచీ వైపు చూడవలెను. బడి అందరిదీ. అకాడమీ లెక్క వేరు. ముప్పది మందిలో ఒక్కడు పెద్ద ఆటగాడైన ఆ సంవత్సరము అకాడమీకి పండుగయే. మిగిలిన ఇరువది తొమ్మిది మంది ఆ ఒక్కనికి తోడుగా, పోటీగా ఆడినవారు. దీనిని మోసమని అనలేము. జల్లెడ చేయు పని జల్లెడ చేయుచున్నది. అయితే జల్లెడను బడి అనుకొని బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులే ఎక్కువగా దెబ్బ తినుచున్నారు.

పుట్టిన నెల

జల్లెడ కూడ ఎల్లప్పుడు సరిగా పట్టదు. ఇంగ్లాండులో వయస్సు లెక్క సెప్టెంబరు 1 నుండి మొదలగును. సెప్టెంబరులో పుట్టినవాడును, మరుసటి ఆగస్టులో పుట్టినవాడును ఒకే జట్టులో ఆడుదురు. తొమ్మిదేళ్ల ప్రాయములో పదకొండు నెలలు చిన్న తేడా కాదు. పెద్దవాడు పొడవుగా, బలముగా ఉండును. కోచ్ కంటికి వాడే "ప్రతిభావంతుడు"గా కనబడును. అందుచేతనే అక్కడి అకాడమీలలో సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలలో పుట్టిన పిల్లలు ఎక్కువగాను, వేసవి నెలల వారు తక్కువగాను ఉన్నట్లు పరిశోధకులు మరల మరల కనుగొనిరి. ఈ లోపము తగ్గించుటకు 2015లో ప్రీమియర్ లీగ్ వారు పుట్టిన తేదీని బట్టి గాక, శరీరపు ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఆడించి చూచిరి.

మన దేశములో ఫుట్‌బాల్ వయస్సు లెక్క జనవరి 1 నుండి. డిసెంబరు బిడ్డను కోచ్ "చిన్నగా ఉన్నాడు" అని ప్రక్కన పెట్టిన యెడల, వానిలో ఆట లేదని ఇంట్లో తీర్పు తీర్చవద్దు. మరియొక మాట. పుట్టిన తేదీ మార్చి వ్రాయుమని ప్రధానోపాధ్యాయుల చుట్టు తిరుగు తండ్రులు కొందరుందురు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పోటీలలో మణికట్టు ఎముకల ఎక్స్‌రే తీసి వయస్సు చూచు పద్ధతి ఉన్నది. దొరికిపోవుట సంగతి అటుంచుడి. "నీ నిజమైన వయస్సుతో నీవు చాలవు" అని తండ్రియే కొడుకునకు నేర్పుచున్నాడు గదా!

ఇంటిలో పెరుగు బరువు

క్లబ్బు పెట్టు ఒత్తిడి కంటికి కనబడును. ఇంటిలో పెరుగు ఒత్తిడి ప్రేమ రూపములో వచ్చును గనుక కనబడదు. తండ్రి ఓవర్‌టైము మానుకొనును. తల్లి సాయంకాలము అన్నము డబ్బాలో సర్దును. చెల్లెలి సంగీతము క్లాసు ఆగిపోవును, ఏలయనగా స్కూటరు ఒక్కటే, సాయంకాలము ఒక్కటే. ఇవన్నియు ఎవరును పైకి చెప్పరు. కాని పదేళ్ల పిల్లవాడు లెక్క బాగుగా వేసికొనును. నాకొరకు ఇంత ఖర్చు చేసిరి, నేను ఓడిపోయిన యెడల వీరందరు ఓడిపోవుదురు అని. ఆ లెక్క తలలో పెట్టుకొని ఆడు పిల్లవాడు బంతిని ధైర్యముగా అడగడు. తప్పు జరుగునను భయముతో బంతి వచ్చిన వెంటనే వదిలించుకొనును. అప్పుడు కోచ్ వానిలో చొరవ లేదని వ్రాయును.

మైదానము ఒడ్డున నిలువబడి అరచు తండ్రుల సంగతి అందరికి తెలిసినదే. ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘము 2008లో "గౌరవము" అను కార్యక్రమము ప్రారంభించవలసి వచ్చినదంటే అక్కడ కేకలు ఏ స్థాయికి చేరినవో ఊహించుకొనవచ్చును. 2019 అక్టోబరులో పిల్లల ఆటలను ఒక వారాంతము మౌనముగా చూడుడని పెద్దలను కోరిరి. అయితే నా ఉద్దేశములో మైదానపు కేకల కంటె తిరుగు ప్రయాణము ఎక్కువ ప్రమాదకరమైనది. వెనుక కూర్చున్న పిల్లవాడు దిగి పోలేడు, చెవులు మూసికొనలేడు. "ఆ బంతి ఎందుకు వదిలితివి?" అను ప్రశ్నతో మొదలైన ప్రసంగము ఇంటి గుమ్మము వరకు సాగును. ఆట వాడు చూచినాడు, కోచ్ చూచినాడు. మూడవ విమర్శకుడు అవసరము లేదు. "ఆకలిగా ఉన్నదా?" అని అడుగుడి. ఆటను గూర్చి వాడే మొదలుపెట్టిన వినుడి.

శరీరమును గూర్చి కూడ ఒక మాట. పది నుండి పదిహేనేళ్ల మధ్య, ఎముకలు వేగముగా పెరుగు కాలములో, మడమ వెనుక గాని, మోకాటి చిప్ప క్రింద ఉన్న ఎముక మీద గాని నొప్పి వచ్చుట సాధారణము. అది ఎక్కువగా ఆడుట వలన, పెరుగుచున్న ఎముకను నరము వంటి గట్టి కండర బంధము లాగుట వలన కలుగును. విశ్రాంతితో తగ్గును. ఎంపిక దగ్గర పడినదని నొప్పి మాత్ర వేసి ఆడించువారు బిడ్డకు అపకారము చేయుచున్నారు. నొప్పి సంగతి వాడు దాచుచున్నాడంటే అంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఉన్నది: ఎవరికి భయపడి దాచుచున్నాడు?

కోచ్ చేతిలోని తాళము

బిడ్డ కల ఒక్క మనుష్యుని చేతిలో ఉన్నప్పుడు తల్లిదండ్రుల నోరు కట్టబడును. 2016 నవంబరులో ఇంగ్లాండు మాజీ ఆటగాడు ఆండీ వుడ్‌వర్డ్, బాల్యములో తన కోచ్ తనను లైంగికముగా హింసించెనని బహిరంగముగా చెప్పెను. అతని తరువాత అనేకులు ముందుకు వచ్చిరి. 1970 నుండి 2005 వరకు జరిగిన సంగతులపై క్లైవ్ షెల్డన్ అను న్యాయవాది జరిపిన విచారణ నివేదిక 2021 మార్చిలో వెలువడెను. తల్లిదండ్రులు తెలివితక్కువ వారు కారు. బిడ్డను పెద్ద ఆటగానిగా చేయగలవాడని నమ్మి, ఆ కోచ్ ఇంటిలో రాత్రులు ఉండనిచ్చిరి. అడిగిన యెడల బిడ్డ స్థానము పోవునేమో అను భయమే అటువంటివానికి తాళపుచెవి. మన దేశములో 2012 నుండి పోక్సో చట్టము ఉన్నది; 1098 నంబరునకు ఎవరైనను ఫోను చేయవచ్చును. అయినను మొదటి కాపలా తల్లిదండ్రులదే.

హాస్టలులో చేర్చువారు బిడ్డ పడుకొను గదిని స్వయముగా చూడవలెను. బ్రెజిల్ దేశములో ఫ్లమెంగో అను పేరుగాంచిన క్లబ్బు శిక్షణ కేంద్రములో 2019 ఫిబ్రవరి 8 తెల్లవారుజామున మంటలు లేచి, కంటెయినర్లతో కట్టిన వసతిలో నిద్రించుచున్న పదిమంది పిల్లలు చనిపోయిరి. వారు పదునాలుగు నుండి పదహారేళ్ల వారు. పెద్ద పేరు ఉన్నచోట అన్నియు సవ్యముగా ఉండునని ఆ తల్లిదండ్రులును నమ్మియుందురు. మంచి వసతిలో కూడ ఎడబాటు ఎడబాటే. 2010 ప్రపంచ కప్ ఫైనలులో గెలుపు గోలు చేసిన స్పెయిన్ ఆటగాడు ఆంద్రేస్ ఇనియెస్తా, పన్నెండేళ్ల వయస్సులో బార్సిలోనా అకాడమీలో తనను విడిచి తల్లిదండ్రులు వెళ్లిన రోజు ఎంత ఏడ్చినాడో పలుమార్లు చెప్పుకొనెను. గెలిచినవాని మాట అది.

పంపివేసిన తరువాత

ఇంగ్లాండు అకాడమీల నుండి పంపివేయబడిన కౌమార ప్రాయపు ఆటగాళ్లను గూర్చి 2016లో ఒక అధ్యయనము ప్రచురింపబడెను. మూడు వారముల తరువాత కూడ వారిలో సగము కంటె ఎక్కువ మంది తీవ్రమైన మనోవేదనలో ఉన్నట్లు అందులో తేలెను. కారణము ఊహింపదగినదే. ఎనిమిదో ఏట నుండి "నీవెవరు?" అను ప్రశ్నకు వానికి తెలిసిన జవాబు ఒక్కటే. ఆ జవాబును ఒక సాయంకాలము క్లబ్బు వారు వెనుకకు తీసికొనిరి. 2020లో ఒక పెద్ద అకాడమీ నుండి బయటికి వచ్చిన పద్దెనిమిదేళ్ల యువకుని మరణము తరువాత ఈ విషయము అక్కడ గట్టిగా చర్చింపబడెను. 2021లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు, తాను పంపివేసిన 18 నుండి 23 ఏళ్ల వారికి మూడేళ్ల పాటు చదువులోను, ఉద్యోగములోను, మనోధైర్యములోను తోడ్పడునని ప్రకటించెను.

ఇట్టి సమయములో పెద్దలు తొందరపడి చెప్పు మాట ఒకటి కలదు. హ్యారీ కేన్‌ను ఆర్సెనల్ క్లబ్బు ఎనిమిదేళ్లప్పుడు పంపివేసెను, తరువాత ఇంగ్లాండు కెప్టెన్ కాలేదా? జేమీ వార్డీని పదహారో ఏట వద్దనిరి, 2016లో లీగు గెలిచిన లెస్టర్ జట్టులో అతడు లేడా? ఇవి నిజములే. కాని ఏడ్చుచున్న బిడ్డకు ఇది ఓదార్పు కాదు. తలుపు మూసినవారి మీద గెలిచి చూపు మరియొక పని నెత్తిన పెట్టుట. మరల ఆడడము వాని ఇష్టము. కొన్ని వారములు బూట్లు అటక మీద ఉన్నను నష్టము లేదు.

సంఘములో కూడ మనము కొంత జాగ్రత్త పడవలెను. ఎంపిక అయిన దినమున లేచి నిలువబెట్టి చప్పట్లు కొట్టించినచోటికే, పంపివేయబడిన తరువాతి ఆదివారము ఆ పిల్లవాడు రావలసియున్నది.

మన పేట అకాడమీ

మన పట్టణములలో ఒక తేడా కలదు. ఇంగ్లాండు క్లబ్బు పిల్లవాని మీద ఖర్చు పెట్టును గనుక వద్దని చెప్పును. జంషెడ్‌పూరులో 1987లో ఏర్పడిన టాటా ఫుట్‌బాల్ అకాడమీ, నవీ ముంబయిలో 2015లో ప్రారంభమైన రిలయన్స్ వారి అకాడమీ ఆ కోవకు చెందినవి. ఏరుకొనిన కొద్దిమందిని తామే పోషించును. పేటలలోని అకాడమీలు అనేకము నెలనెలా రుసుము తీసికొనునవి. రుసుము తీసికొనువానికి "మీ వాడు ఇంతకంటె ఎదగడు" అని చెప్పవలసిన అవసరమేమి? ఆరోగ్యము కొరకు, స్నేహితుల కొరకు పంపుచున్నామని తెలిసి కట్టిన రుసుము వృథా కాదు. "మీ వాడు ఇండియాకు ఆడును, ప్రత్యేక శిక్షణకు అదనముగా కట్టుడి" అన్నప్పుడు మాత్రము లేచి రావలెను. సమాఖ్య గుర్తింపు ఉన్నదా, కోచ్‌కు లైసెన్సు ఉన్నదా, గత ఐదేళ్లలో విడిచి వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఏమి చేయుచున్నారు అని అడుగుడి. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు చాల తక్కువ.

వేరు దారి లేకపోలేదు. నార్వే దేశములో క్రీడా సమాఖ్య నియమము ప్రకారము పదకొండేళ్ల లోపు పిల్లల ఆటలకు పట్టికలు, ర్యాంకులు ప్రకటింపరు. పదమూడేళ్ల లోపు వారికి జాతీయ పోటీలు లేవు. అక్కడ బ్రూనె అను చిన్న పట్టణములో, ఎవరిని తీసివేయకుండ కలిసి ఆడుకొనిన సుమారు నలభైమంది పిల్లలలో నుండి ఎర్లింగ్ హాలండ్ వచ్చినాడు.

తల్లిదండ్రుల కూటములో మాట్లాడుకొనుటకు

మీ బిడ్డ ఆట మానివేసిన మరుసటి సాయంకాలము మీ ఇంటిలో దేనిని గూర్చి మాట్లాడుకొందురు? అకాడమీ కొరకు ఇంటిలో ఎవరి పని, ఎవరి చదువు ప్రక్కకు జరిగినది, ఆ సంగతి వారిని ఎవరైనను అడిగిరా? కోచ్‌ను ప్రశ్నించుటకు మీకు భయముగా ఉన్న విషయమేమైనను ఉన్నదా? ఈ చివరి ప్రశ్నను భార్యాభర్తలు ముందుగా ఇంటి వద్దనే మాట్లాడుకొని రావలెను.