డ్రాయింగ్ బోర్డు నుండి కంప్యూటర్ తెర వరకు

పదో తరగతి పూర్తిచేసి పాలిటెక్నిక్‌కో, ఐ.టి.ఐ.కో వెళ్ళే మన హాస్టల్ తమ్ముళ్ళు ప్రతి ఏటా మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "అన్నా, ఆటోక్యాడ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?" అని. ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అసలు క్యాడ్ ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది అన్నది తెలిస్తే కొంత మీకే తోస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

క్యాడ్ అంటే కంప్యూటర్ సాయంతో డిజైన్ చేయడం. అది రాకముందు ఇల్లయినా, వంతెనయినా, చిన్న బోల్టయినా కాగితం మీదే గీసేవారు. మేము డిప్లొమా చదివినప్పుడు కూడా మొదటి ఏడాదంతా మినీ డ్రాఫ్టర్, డ్రాయింగ్ బోర్డు, 2హెచ్ పెన్సిలే. గీత తప్పితే రబ్బరుతో చెరపాలి, ఇంకు గీతయితే బ్లేడుతో గీకాలి. షీటు చిరిగితే మళ్ళీ మొదటికే! షీటు కొనడానికి కూడా లెక్క చూసుకునే మనలాంటి వాళ్ళకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి తన పిహెచ్.డి. కోసం 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రామ్ తయారుచేశాడు. అది నడిచిన టి.ఎక్స్-2 కంప్యూటర్ గదిని నింపేసేంత పెద్దది. వెలుతురును పసిగట్టే ఒక పెన్నును తెరకు ఆనించి గీతలు గీసేవాడు. అయితే గొప్పతనం గీత గీయడంలో లేదు. "ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి" అని చెబితే కంప్యూటరే వాటిని సరిచేసేది. ఒక కిటికీ బొమ్మను అసలుగా పెట్టుకుని దాని నకళ్ళను పది చోట్ల ఉంచామనుకోండి. అసలును మారిస్తే పదీ మారిపోతాయి. నేడు ఆటోక్యాడ్‌లో 'బ్లాక్' అని మనం వాడేది ఈ ఆలోచనే. సదర్లాండ్‌కు 1988లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

ఫ్రాన్సులో కార్ల కంపెనీలకు వేరే చిక్కు వచ్చింది. కారు పైభాగంలో ఉండే వంపును స్కేలుతో, కంపాస్‌తో ఎలా గీస్తాం? సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లోనే దీనికి గణితమార్గం కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా దాచింది. తరువాత రెనో కంపెనీ ఇంజనీరు పియరె బెజియె అటువంటి పద్ధతినే రూపొందించి ప్రచురించాడు. అందువల్ల ఆ వంపులకు 'బెజియె వక్రరేఖలు' అనే పేరు స్థిరపడింది. నాలుగు బిందువులు పెడతాం. గీత మొదటిదాని దగ్గర మొదలై చివరిదాని దగ్గర ముగుస్తుంది. మధ్య రెండూ అయస్కాంతాల్లా దాన్ని తమవైపు లాగుతాయి, అంతే.

చాలా ఏళ్ళు ఇదంతా విమానాల, కార్ల కంపెనీలకే అందింది. మామూలు ఆఫీసులు ఆ ధర భరించలేవు. 1982లో జాన్ వాకర్, మరికొందరు ప్రోగ్రామర్లు కలిసి ఆటోడెస్క్ స్థాపించారు. మైక్ రిడిల్ అంతకుముందే రాసిన ఒక ప్రోగ్రామ్ ఆధారంగా ఆటోక్యాడ్ తయారుచేసి ఆ డిసెంబరులోనే విడుదల చేశారు. బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్‌లో అది నడిచేది. వెల 1000 డాలర్లు. అలా క్యాడ్ చిన్న ఆఫీసులకూ చేరింది.

1980ల చివర వచ్చిన ప్రో-ఇంజనీర్‌లో ఒక కొలత మారిస్తే వస్తువు మొత్తం దానికి తగ్గట్టు మారేది. సదర్లాండ్ విత్తనమే పాతికేళ్ళ తరువాత మొలకెత్తిందన్నమాట! 1994 జూన్ 12న తొలిసారి ఎగిరిన బోయింగ్ 777ను కాటియా అనే ఫ్రెంచి సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా కంప్యూటర్‌లోనే డిజైన్ చేశారు.

ఇక తమ్ముళ్ళ ప్రశ్న. మేము అప్పు చేసి ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాం. లైన్, ట్రిమ్, ఆఫ్‌సెట్, మిర్రర్ అంటూ కమాండ్లన్నీ నేర్పారు గానీ డ్రాయింగ్ చదవడం నేర్పలేదు. తొలి ఉద్యోగంలో మేము గీసిన ఇంటి ప్లానులో ఒక తలుపు మెట్ల మీదికి తెరుచుకుంది. కంప్యూటర్ ఏమీ అనలేదు. ప్రింటు చూసిన మేస్త్రీ, "ఏం బాబూ, మనిషి గాల్లో నిలబడి తలుపు తీయాలా?" అన్నాడు. సిగ్గుతో మళ్ళీ గీశాం. మేస్త్రీకి మౌసు పట్టుకోవడం రాదు!

అంత ఫీజు ఇప్పుడు అక్కరలేదు. ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఇస్తోంది. లిబ్రేక్యాడ్, ఫ్రీక్యాడ్ ఎవరికైనా ఉచితమే. లిబ్రేక్యాడ్ పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. కాగితం మీద 1:100 అని లెక్క వేసుకుంటాం గదా, ఇందులో అసలు కొలతతోనే గీసి ప్రింటు తీసేటప్పుడు స్కేలు పెట్టాలి. ముందుగా మీ గదిని టేపుతో కొలిచి గీయండి. మేమూ మొదట గీసింది హాస్టల్ గదినే. నాలుగో గోడ రెండంగుళాలు కలవలేదు. మూడుసార్లు కొలిచాక తెలిసింది, గదే మూలమట్టానికి లేదని.