వెండి నీళ్లు: మెరుపెంత, మేలెంత?

రెండు వెండి తీగలు, మూడు బ్యాటరీలు, ఒక గ్లాసు నీళ్లు. కాసేపట్లో మందు తయారు. జ్వరానికీ, పుండుకీ, గేదె పొదుగువాపుకీ ఇదొక్కటే చాలన్న ప్రచారం ఊళ్లలోకీ వస్తోంది. కర్దనూర్, పటాన్‌చెరు వైపు బోరునీళ్ల మీద నమ్మకం సడలిన రైతులకు ఇలాంటి మాట తొందరగా ఎక్కుతుంది. నమ్మే ముందు ఆ నీళ్లలో ఏముంటుందో తెలుసుకోవడం మంచిది.

కొలాయిడ్ అంటే?

ఉప్పు నీళ్లలో కరిగిపోతుంది. ఇసుక అడుక్కు చేరుతుంది. ఈ రెంటికీ మధ్య రకం కొలాయిడ్. బడి పుస్తకాల్లో దీన్నే కాంజికాభం అంటారు. ఇందులో రేణువులు కరగవు, తొందరగా అడుక్కూ దిగవు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నానోమీటరు. కొలాయిడ్ రేణువుల సైజు 1 నుంచి 1000 నానోమీటర్లు. 1861లో థామస్ గ్రాహం అనే శాస్త్రవేత్త వీటికి ఈ పేరు పెట్టాడు. పాలు, వానాకాలం చెరువు నీళ్లు, నల్లరేగడిలోని సన్నని బంక ఇలాంటివే.

చీకటి గదిలో ఉప్పు నీళ్ల గ్లాసు మీద టార్చి వేస్తే వెలుగు దారి కనపడదు. అవే నీళ్లలో రెండు చుక్కల పాలు కలిపి చూడండి, తెల్లని గీత కనిపిస్తుంది. రేణువులు వెలుగును చెదరగొట్టడమే కారణం.

పటిక చేసే పని

బురద రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. అన్నిటిదీ ఒకటే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలోనే ఉండిపోతాయి. బిందెలో పటిక తిప్పితే అందులోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది. రేణువులు గుంపుకట్టి అడుక్కు దిగుతాయి. పైన నీళ్లు తేరుకుంటాయి.

వెండి సంగతి

వెండి సూక్ష్మజీవులను చంపే మాట నిజమే. కొన్ని ఫిల్టరు క్యాండిళ్లకు వెండి పట్టించేది అందుకే. అది క్యాండిల్‌కు అంటుకుని ఉంటుంది. గ్లాసులతో తాగడం వేరు సంగతి. ఇంట్లో చేసిన నీళ్లలో వెండి ఎంత దిగిందో, రేణువు ఎంత సైజో కంటితో చెప్పలేం. పైగా బోరునీళ్లలో లవణాలు ఉంటాయి. వెండి వాటిలోని క్లోరైడుతో కలిసి తెల్లని మడ్డి అవుతుంది. వెలుగు తగిలితే నల్లబడుతుంది.

ఎక్కువ కాలం తాగితే వెండి ఒంట్లో పేరుకుని చర్మం నీలి బూడిద రంగుకు మారుతుంది. ఆ రంగు మళ్లీ పోదు. ఇలాంటి మందులు సురక్షితమనీ, పనిచేస్తాయనీ రుజువు లేదని 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తేల్చింది. పొదుగువాపుకు దీన్ని నమ్ముకుని కూర్చుంటే రోగం ముదిరి చన్ను చెడుతుంది. పాడి మీద బతికే ఇంటికి అది చిన్న నష్టం కాదు.

తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు

మన ప్రాంతంలో అసలు గుర్తుంచుకోవలసింది ఇది. పటిక బురదను దించుతుంది గానీ కరిగిన రసాయనాలను తీయదు. వెండీ తీయదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, లవణాలు మాత్రం ఇంకా చిక్కబడతాయి. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. ఇలాంటివి కంటికి కనపడవు.

రైతులు చేయాల్సినవి

* అనుమానం ఉన్న బోరునీళ్లు తాగొద్దు. తాగడానికి నల్లా ద్వారా వచ్చే శుద్ధి నీళ్లే వాడాలి.
* బోరును కొంతసేపు నడిపాక, అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, ఒక లీటరు పట్టి పరీక్షకు ఇవ్వాలి. సాగునీటి మామూలు పరీక్షలో లవణాలే తేలతాయి. రసాయనాల అనుమానం ఉంటే ఆ మాట విడిగా చెప్పాలి.
* వాగు రంగు మారినా, ఘాటు వాసన వచ్చినా తేదీ, సమయం రాసుకుని కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయాలి. ఆ నీళ్లు పశువులకు తాపొద్దు.
* పొదుగు వాచినా, పాలు విరిగినట్టు వచ్చినా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి.

వెండి పట్టీలకూ, మొలతాడుకూ ఉండనివ్వండి. కడుపులోకి మాత్రం వద్దు.