లారీలు, వరికోత యంత్రాల ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, టర్బో హౌసింగ్‌లకు సిరామిక్ పూత: ఉష్ణ ప్రసార దృష్టితో ఒక పరిశీలన

సారాంశం

పూర్తి భారంతో పనిచేసే టర్బో డీజిల్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, టర్బైన్ హౌసింగ్ ఉపరితలాలు ఎండుగడ్డి, ధూళి, డీజిల్ అంటుకునే ఉష్ణోగ్రతను సులువుగా దాటుతాయి. ఈ భాగాలకు వేసే సిరామిక్ పూత ఎంతవరకు రక్షణ ఇస్తుందో ఉష్ణ ప్రసార సూత్రాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పలుచని పూత వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం ఉష్ణ నిరోధం కాదనీ, వికిరణ ఉష్ణాన్ని తగ్గించడం, లోహాన్ని తుప్పు నుంచి కాపాడటం మాత్రమేననీ లెక్కలు తెలుపుతున్నాయి. పూత వేసినంత మాత్రాన ఉపరితలం చల్లబడదు. కనుక శుభ్రతకు పూత ప్రత్యామ్నాయం కాదు.

ఉపోద్ఘాతం

వరికోత యంత్రం పనిచేసేటప్పుడు పొట్టు, గడ్డి నలుసులు ఇంజన్ చుట్టూ నిరంతరం ఎగురుతూ ఉంటాయి. ఎండుగడ్డిని రవాణా చేసే లారీలది కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి. పొరగా పేరుకున్న గడ్డి ధూళి 250–300 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే మంట లేకుండా రాజుకోవడం మొదలవుతుంది. డీజిల్ ఇంతకంటే తక్కువ వేడికి కూడా స్వయంగా అంటుకోగలదు. అందుకే అంతర్జాతీయ నౌకా భద్రతా ఒప్పందం ప్రకారం, ఓడల ఇంజన్ గదుల్లో ఇంధనం చిందే అవకాశం ఉన్నచోట 220 డిగ్రీలు మించే ఉపరితలాలకు ఉష్ణ కవచం తప్పనిసరి. భారంతో నడిచే ఇంజన్ మానిఫోల్డ్ ఈ హద్దుకు రెట్టింపు వేడిలో ఉండటం సాధారణమే. ఈ కారణంగా సిరామిక్ పూత పట్ల యంత్ర యజమానుల్లో ఆసక్తి సహజం. వారికి సరైన సలహా ఇవ్వాలంటే పూత చేసే పని ఏమిటో, చేయలేని పని ఏమిటో స్పష్టంగా తెలియాలి.

పూతల్లో రెండు రకాలు

మొదటిది ప్లాస్మా స్ప్రే పూత. ఇందులో ఇట్రియాతో స్థిరీకరించిన జిర్కోనియా పొడిని ప్లాస్మా జ్వాలలో కరిగించి లోహంపై చిమ్ముతారు. శుద్ధ జిర్కోనియా సుమారు 1170 డిగ్రీల వద్ద స్ఫటిక నిర్మాణం మార్చుకుంటుంది. ఆ మార్పుతో ఘనపరిమాణం కూడా మారి పూత పగులుతుంది. బరువులో 7–8 శాతం ఇట్రియా కలపడం వల్ల ఈ దోషం తొలగుతుంది. జిర్కోనియా ఉష్ణ వ్యాకోచం పోత ఇనుము వ్యాకోచానికి దగ్గరగా ఉండటం మరో అనుకూలత. లోహానికీ సిరామిక్‌కూ మధ్య నికెల్, క్రోమియం, అల్యూమినియం మిశ్రమంతో బంధక పొర వేస్తారు. పూత మందం సాధారణంగా 0.3 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది.

రెండవది గన్‌తో పిచికారీ చేసి వేడితో గట్టిపరిచే పలుచని పూత. సిలికోన్ రెజిన్‌లో సిరామిక్ లేదా అల్యూమినియం రేణువులు కలిపి దీన్ని తయారు చేస్తారు. మందం 0.05 మి.మీ. మించదు. ఖర్చు తక్కువ కావడం వల్ల ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే.

ఒక లెక్క

మానిఫోల్డ్‌లో వాయువు 650 డిగ్రీలు, బయటి గాలి 40 డిగ్రీలు, ఉపరితలం 500 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. తుప్పు పట్టిన పోత ఇనుము ఉద్గారతను 0.85గా, బయటి సంవహన గుణకాన్ని చదరపు మీటరుకు డిగ్రీకి 20 వాట్లుగా తీసుకుంటే, వికిరణం ద్వారా చదరపు మీటరుకు సుమారు 17 కిలోవాట్లు, సంవహనం ద్వారా సుమారు 9 కిలోవాట్లు బయటికి పోతాయి. మొత్తం 26 కిలోవాట్లు.

పూత ఉష్ణ వాహకత్వం మీటరుకు డిగ్రీకి 1 వాట్ అనుకుంటే, ఇంతటి ఉష్ణ ప్రవాహంలో 0.05 మి.మీ. పూత రెండు ముఖాల మధ్య వచ్చే తేడా 1.3 డిగ్రీలు మాత్రమే. 0.3 మి.మీ. పూతకైనా అది 8 డిగ్రీలకు మించదు. అంటే 500 డిగ్రీల ఉపరితలాన్ని ఈ మందాలు గడ్డి అంటుకోని స్థాయికి దించలేవు.

ఇక ఉద్గారతను చూద్దాం. లోహపు మెరుపు గల పూతతో అది 0.3కు తగ్గితే, వికిరణ ఉష్ణం 17 నుంచి సుమారు 8 కిలోవాట్లకు పడిపోతుంది. చుట్టూ ఉన్న వైర్లకు, రబ్బరు గొట్టాలకు, క్యాబిన్‌కు ఇది నిజమైన ఉపశమనం. మొత్తం ఉష్ణ నష్టం కూడా మూడో వంతు తగ్గి, ఆ శక్తి వాయువులోనే నిలిచి టర్బైన్‌కు చేరుతుంది. కానీ బయటికి పోయే దారి ఇరుకైనందున ఉపరితలం 500 నుంచి దాదాపు 550 డిగ్రీలకు పెరుగుతుంది. దూరంగా ఉన్న వస్తువుకు మేలు చేసిన పూతే, తనను తాకిన గడ్డికి మరింత ప్రమాదకరం అవుతుందని దీని అర్థం. నలుపు రంగు పూత ఉద్గారత 0.9 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి వికిరణం తగ్గడమనే ప్రయోజనం కూడా దానితో రాదు.

ధూళి ఈ సమీకరణాన్ని మళ్లీ మారుస్తుంది. మెరిసే పూతపై ధూళి పేరుకుంటే ఉద్గారత తిరిగి పెరుగుతుంది. ఆ ధూళి పొర అడుగుభాగం లోహపు వేడికి నేరుగా గురవుతుంది.

పూత వేసేటప్పుడు గమనించవలసినవి

1. నూనె, మసి పూర్తిగా తొలగించి, అల్యూమినియం ఆక్సైడ్ రేణువులతో గ్రిట్ బ్లాస్టింగ్ చేయాలి. పూత అంటుకోవడం ఈ గరుకుదనంపైనే ఆధారపడి ఉంటుంది.

2. పోత ఇనుము రంధ్రాల్లో ఇంకిన నూనె పూతను పొక్కిస్తుంది. కనుక పూతకు ముందే భాగాన్ని వేడిచేసి ఆ నూనెను వెళ్లగొట్టాలి.

3. ఫ్లాంజ్ ముఖాలు, బోల్టు రంధ్రాలు, క్లాంప్ కూర్చునే అంచులపై పూత పడకుండా కప్పాలి.

4. మానిఫోల్డ్ లోపలి వైపు పూత వేయించడం మంచిది కాదు. ఊడిన పెచ్చు వేగంగా తిరిగే టర్బైన్ చక్రాన్ని తాకితే రెక్కలు దెబ్బతింటాయి.

5. పగుళ్లున్న మానిఫోల్డ్‌ను పూతతో కప్పిపుచ్చరాదు. పగులు నుంచి వచ్చే వేడి వాయువే నిప్పుకు కారణం కాగలదు.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

పూతను తుప్పు నివారణకు, ఇంజన్ గదిలో వేడి తగ్గించడానికి సిఫారసు చేయవచ్చు. అగ్ని నివారణకు మాత్రం వేరే ఏర్పాటు అవసరం. గాలి ఖాళీ వదిలి బిగించిన రేకు కవచం, లేదా స్టీలు తొడుగు గల ఉష్ణ నిరోధక దుప్పటి ఉపరితల ఉష్ణోగ్రతను నిజంగా తగ్గిస్తాయి. ఉదాహరణకు, వాహకత్వం 0.1 గల 25 మి.మీ. దుప్పటి బయటి ముఖం 200 డిగ్రీల లోపే ఉంటుందని పై పద్ధతిలోనే లెక్కించవచ్చు. దుప్పటి నూనె పీల్చకుండా, దాని మడతల్లో గడ్డి చేరకుండా చూడాలి.

కోత రోజుల్లో ఇంజన్ చల్లబడిన తరువాత గాలి పీడనంతో మానిఫోల్డ్, టర్బో పరిసరాలను ప్రతిరోజూ శుభ్రం చేయాలి. డీజిల్, ఆయిల్ గొట్టాల కారుటను వెంటనే సరిచేయాలి. ఆపే ముందు ఇంజన్‌ను కొన్ని నిమిషాలు ఖాళీగా నడపాలి. పూత వేసిన హౌసింగ్ వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది కాబట్టి, ఈ జాగ్రత్త లేకపోతే బేరింగ్‌లోని ఆయిల్ మాడి గట్టిపడుతుంది. అగ్నిమాపక సిలిండర్ ఆపరేటర్ చేతికి అందే చోట ఉండాలి.

ముగింపు

సిరామిక్ పూత విలువ దాని రకం, రంగు, శుభ్రతలపై ఆధారపడి ఉంటుంది. వికిరణాన్ని తగ్గించడం ఒకటి, తాకే ఉపరితలాన్ని చల్లబరచడం మరొకటి. ఈ రెండింటి మధ్య భేదాన్ని యంత్ర యజమానికి వివరించడమే ఈ విషయంలో విస్తరణ శాస్త్రవేత్త మొదటి బాధ్యత. పూత వేయించాక ఇక ప్రమాదం లేదనే భరోసాతో రోజువారీ శుభ్రతను మానితే, రక్షణ కోసం పెట్టిన ఖర్చే ముప్పును పెంచుతుంది.