సెల్‌ఫోనులోని జూదశాల – చిట్టా వ్రాసి చూచిన లెక్క

మన పెద్దలు చెప్పిన సప్తవ్యసనములలో మొదటిది జూదము. మాంసము, మద్యము మొదలైనవి దాని తరువాతనే వచ్చును. చిన్నతనమున ఈ వరుసను కంఠస్థము చేయునప్పుడు నాకొక సందేహము కలిగెడిది. మన ఇండ్లలో పేకముక్కయైనను కనబడదు గదా, జూదమునకు మొదటి పీట ఎందుకు వేసినారని. ఏబది యేండ్లు దాటిన తరువాత ఆ సందేహము మా దుకాణములోనే తీరినది.

ఈ వ్యాసములో ధర్మోపదేశము చేయుట నా పని కాదు. అందుకు మునిమహారాజులు, పండితులు ఉన్నారు. నేను పదవ తరగతి వరకు చదివి జవుళి వ్యాపారములో దిగినవాడను. నాకు తెలిసినవి చిట్టా, ఆవర్జా, గల్లాపెట్టె. కావున ఆన్‌లైన్ క్యాసినో అనుదానిని ఒక దుకాణముగా నెంచి, ఆ దుకాణదారుని లాభము ఎక్కడ నున్నదో మన భాషలో వ్రాసి చూపెదను. చదువరులు కాగితము, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదివిన మేలు.

మునుపు క్యాసినో చూడవలెనన్న గోవాకు పోవలెను. పణజిలో మాండవి నదిపై నిలిచియున్న ఓడ ఎక్కవలెను. రైలు టికెట్టు, బస, ఇంటిలో చెప్పవలసిన అబద్ధము, ఇవన్నియు కొంత అడ్డుగా నుండెడివి. ఇప్పుడు ఆ ఓడ జేబులోనికి వచ్చినది. దానికి యాప్ కూడ అక్కరలేదు. గూగుల్ వారి యాప్ దుకాణము మన దేశములో క్యాసినో యాప్‌లకు చోటు ఇయ్యలేదు గనుక, వారు బ్రౌజరు దారి పట్టినారు. మనము జి.ఎస్.టి. రిటర్ను వేయుటకు తెరచు బ్రౌజరే అది. పూర్వము ఇట్టి ఆటలకు ఫ్లాష్ అను ప్రత్యేక సాధనము కావలసియుండెను. దానిని అడోబి వారు 2020 చివర నిలిపివేసినారు. ఇప్పటి ఆటలు ఏ అదనపు సాధనము లేకయే, చవుక ఫోనులో కూడ, పేజీ తెరచుకొన్నట్లే తెరచుకొనును. పేజీ మూసిన ఫోనులో గుర్తు కనబడదు. ఇంటిలోని పెద్దలు యాప్‌లు వెదకి చూచి, ఏమియు లేదని తృప్తిపడుట ఇందువలననే.

2023వ సంవత్సరము దీపావళికి నెలన్నర ముందు, మా చెల్లెలి కుమారుడు గల్లా దగ్గర కూర్చుండి ఫోను చూచి నవ్వుకొనుచుండెను. వానికి అప్పుడు 22 ఏండ్లు.

“ఏమిరా అది?”

“ఊరికే, మామయ్యా. ఇరవై రూపాయలు పెట్టాను, అంతే. బొమ్మలు తిరుగుతాయి, కలిస్తే డబ్బు వస్తుంది.”

నేను కోపపడలేదు. కోపపడిన ఫోను జేబులోనికి పోవును గాని మనసులోనుండి పోదు. ఆ ఆటలోనే డబ్బు లేకుండ ఉత్త అంకెలతో ఆడు ఏర్పాటు గలదని వాడు చెప్పినాడు. మనము గుడ్డ ముక్క నమూనా ఇచ్చునట్లు వారును నమూనా ఇత్తురు. “సరే, వెయ్యి అంకెలు పెట్టుకొని పదేసి చొప్పున ఆడు, నేను చిట్టా వ్రాస్తాను” అంటిని. సూర్యాస్తమయమునకు ముందే భోజనములు ముగించుకొని, తిరిగి దుకాణమునకు వచ్చి, ఒక గంట కూర్చుంటిమి.

గంటలో వాడు 412 సార్లు నొక్కినాడు. పందెము మొత్తము 4,120. తిరిగి వచ్చినది 3,890. పోయినది 230. నిల్వ 770. ఇంతవరకు వింత లేదు. వింత యేమనగా, లెక్క చెప్పకమునుపు “ఎట్లున్నది?” అని అడుగగా, “కొద్దిగా గెలుస్తున్నట్టే ఉంది” అన్నాడు. కారణము చిట్టాలో కనబడినది. గంట మ్రోగి, నాణెములు రాలి, తెర వెలిగినవి 118 సార్లు. అందులో 61 సార్లు వచ్చినది పదికంటె తక్కువ. పది పెట్టి నాలుగు తీసికొన్నప్పుడు కూడ వారు గంట మ్రోగించుచున్నారు. మన చిట్టాలో అది ఆరు రూపాయల నష్టము. తెరమీద అది విజయము. ఇట్టి దొంగ పద్దును నేను నా ముప్పది యేండ్ల వ్యాపారములో చూడలేదు.

ఇక దుకాణదారుని లాభమునకు వత్తము. సులభముగా తెలియుటకు రూలెట్ చక్రము తీసికొనుడు. ఐరోపా పద్ధతి చక్రములో సున్న మొదలు 36 వరకు 37 గదులు. ఒక అంకెపై రూపాయి పెట్టి అది వచ్చిన, 35 రూపాయలు ఇచ్చి మన రూపాయి కూడ తిరిగి ఇత్తురు. ఇప్పుడు 37 గదులపైనను తలకొక రూపాయి పెట్టుడు. ఖర్చు 37. ఏదో ఒకటి తప్పక వచ్చును గనుక జమ 36. ఒక రూపాయి వారి గల్లాలో నిలిచినది. ఎవడును మోసము చేయలేదు, చక్రము వంకర కాదు. నూటికి సుమారు 2 రూపాయల 70 పైసలు, అంతే. అమెరికా చక్రములో జంట సున్న అదనముగా నుండుటచే 38 గదులు. అక్కడ నూటికి సుమారు 5 రూపాయల 26 పైసలు.

బొమ్మలు తిరుగు ఆటలలో కొన్నిటి సమాచారపు పేజీలో ‘తిరిగి వచ్చునది 96 శాతము’ అని వారే వ్రాయుదురు. అనగా వారికి నూటికి నాలుగు. మా మేనల్లుడు దీనిని చూపి, “నాలుగే గదా మామయ్యా, మన లంగా జాకెట్టు గుడ్డల మీద ఇంతకన్న ఎక్కువ వేసుకుంటాం” అన్నాడు. వర్తకుని పిల్లవాడు గనుక ఆ మాట వచ్చినది. వాడు తప్పినది కూడ అక్కడనే. ఆ నాలుగు మన పెట్టుబడిపై కాదు, తిరుగుడుపై. తక్కువ లాభము, ఎక్కువ తిరుగుడు అని మా తండ్రిగారు నేర్పిన సూత్రమునే వారు మనపై ప్రయోగించుచున్నారు. జవుళిలో పెట్టుబడి ఏడాదికి నాలుగైదు సార్లు తిరిగిన సంతోషింతుము. అక్కడ వెయ్యి రూపాయలు ఒక గంటలో నాలుగుసార్లు తిరిగినవి.

లెక్క వేయుడు. నిమిషమునకు ఎనిమిది నొక్కుళ్లు, గంటకు 480. పది రూపాయల పందెమైన తిరుగుడు 4,800, సగటున నష్టము 192. ఏబది రూపాయల పందెమైన తిరుగుడు 24,000, నష్టము 960. చేతిలోనిది మొదట పెట్టిన వెయ్యియే. దానితో ఇరువదినాలుగు వేల బేరము జరిగినదని ఆడువాడు ఎరుగడు. ఓడలోని బల్లవద్ద చక్రము తిరిగి, గోలీ ఆగి, డబ్బు పంచుటకు కొంత కాలము పట్టును. ఫోనులో ఆ జాప్యము లేదు. బ్రౌజరు చేసిన అసలు ఉపకారము వారికే. తిరుగుడు వేగము పెరిగినది.

వ్రేలితో సరియైన క్షణమున ఆపిన గెలుపు వచ్చునని పిల్లలు నమ్ముదురు. అది భ్రమ. మనము నొక్కగానే ఎక్కడో దూరదేశపు కంప్యూటరులో అంకె పడిపోవును. తరువాత తిరుగు బొమ్మలు ఆ ఫలితమును చూపు సినిమా మాత్రమే. అడ్రసు ప్రక్కన తాళము గుర్తు ఉన్నది గనుక నమ్మవచ్చునని మరికొందరందురు. ఆ తాళము దారిలో ఎవరును మన సమాచారమును చదువకుండుటకు గాని, అవతలివాడు నిజాయితీపరుడని చెప్పుటకు కాదు. సంచి సీలు బాగున్నంత మాత్రమున లోపలి సరుకు మంచిదని ఏ వర్తకుడు ఒప్పుకొనును?

నష్టము పూడ్చుకొనుటకు పందెము రెట్టింపు చేయు ఉపాయము కూడ వానికి ఎవరో చెప్పియుండిరి. ఎరుపు నలుపులపై 10, ఓడిన 20, తరువాత 40, ఎప్పుడు గెలిచినను పది మిగులును. వినుటకు బాగుగనే యున్నది. ఏడుసార్లు వరుసగా ఓడిన పోయినది 1,270. ఎనిమిదవ పందెము 1,280. ఇంత పెట్టి గెలువదలచినది పది రూపాయలు. ఏడుసార్లు వరుసగా ఓడుట ఐరోపా చక్రముపై సుమారు నూరింట ఒకసారి జరుగును. గంటకు వందలసార్లు ఆడువానికి నూరింట ఒకటి అనగా ఈ రాత్రియే. పైగా పందెమునకు పరిమితి వారే పెట్టియుందురు.

బోనసు సంగతి కొద్దిమాటలలో చెప్పెదను. రెండువేలు కట్టిన మరి రెండువేలు ఉచితమందురు. క్రింద చిన్న అక్షరములలో, ఆ బోనసునకు 30 రెట్లు ఆడినగాని డబ్బు తీయరాదని యుండును. 60,000 తిరుగుడుపై నూటికి నాలుగు చొప్పున 2,400. ఉచితముగా ఇచ్చినది రెండువేలు. ఇంకొకటి, కట్టుట క్షణములో జరుగును. తీయునప్పుడే ఆధారు కావలెను, ఫోటో కావలెను, మూడు రోజులు ఆగవలెను. ఆ మూడు రోజులలో ఆ డబ్బును మరల ఆటలోనికి మరల్చుకొను మీట మాత్రము తెరచియే యుంచుదురు.

ఆ రాత్రి మేనల్లుడు తల ఊపినాడు. నేను వానికి లెక్క నేర్పితినని సంతోషించితిని. వాని అసలు లెక్క వేరొక చోట ఉన్నదని పది రోజులకు తెలిసినది.

బ్యాంకు వారు మా కరెంటు ఖాతాను స్తంభింపజేసినారు. వేరొక రాష్ట్రపు సైబరు పోలీసుల ఉత్తర్వు వచ్చినదట. విచారింపగా, వాడు అంతకుముందే 38,000 పోగొట్టుకొని, దానిని పూడ్చుటకు ఒక ఏజెంటు మాట విని, మా దుకాణపు క్యూఆర్ బొమ్మను వానికి పంపియున్నాడు. ఎవరెవరో దానిలో డబ్బు వేయుదురు. వీడు దానిని చెప్పిన ఖాతాకు మరల్చవలెను. నూటికి రెండు కమిషను. మూడు వారములలో 1,64,000 వచ్చి పోయినది. అది జూదశాలలో కట్టువారి డబ్బు. ఈ జూదశాలలు తమ పేరున ఖాతా పెట్టక, ఇట్టి చిల్లర ఖాతాలను అద్దెకు తీసికొని వాడుకొందురు. ప్రతిసారి కట్టవలసిన పేరు మారుటకు కారణము అదే. ఆ డబ్బులో మోసపోయిన యొకని సొమ్ము కూడ కలిసినది. వాడు ఫిర్యాదు చేయగా దారి మా దుకాణమునకు చేరినది.

ఇందులో నా తప్పు కూడ గలదు. గల్లా మీది సౌండ్ బాక్సు ‘వచ్చినవి’ అని పలుకగానే చాలనుకొంటిని గాని, వచ్చిన ప్రతి పద్దునకు బిల్లు ఉన్నదా అని సరిచూడలేదు. చూచియుండిన, బిల్లు లేని జమలు మొదటి రోజుననే కనబడెడివి.

దీపావళి సరుకునకు సూరత్ వర్తకునికి ఇచ్చిన చెక్కు తిరిగిపోయినది. మా తండ్రిగారి కాలమునుండి మా చెక్కు తిరుగుట అదియే మొదటిసారి. ఆ వర్తకునికి ఫోను చేసి జరిగినది జరిగినట్లు చెప్పితిని. ఆయన గడువు ఇచ్చినాడు, కాని ఆనాడు నా గొంతు ఎట్లున్నదో నాకే తెలియును. ఆ ఏట దీపావళి నాడు క్రొత్త పుస్తకమునకు పూజ చేయునప్పుడు మా చెల్లెలు లోపలినుండి బయటకు రాలేదు. బిల్లులు, చిట్టాలు, జి.ఎస్.టి. కాగితములు చూపగా చూపగా, వివాదములోని మొత్తము తప్ప మిగిలినది రెండున్నర నెలలకు విడుదలయ్యెను.

అప్పటికంటె ఇప్పుడు చట్టము మరింత కఠినమైనది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, తమిళనాడు 2022లో వేరువేరుగా చట్టములు చేసినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి ఒక చట్టము చేసినది. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆట, నేర్పుదైనను అదృష్టముదైనను, నడుపువారికి 3 ఏండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. డబ్బు చేరవేయుటకు తోడ్పడువారికి కూడ అంతే. ప్రకటన చేయువారికి 2 ఏండ్ల వరకు, 50 లక్షల వరకు. ఆడినవానిని ఆ చట్టము శిక్షింపదు. ఖాతా అద్దెకిచ్చినవాడు మాత్రము ఆడినవాని వరుసలో ఉండడని వ్యాపారస్థులు గమనింపవలెను. చట్టము వచ్చినను పేజీలు పోలేదు. ఒక అడ్రసును మూసిన మరొక అడ్రసు తెరచుదురు.

మా ఇంటిలో తరువాత చేసిన పనులు కొన్ని చెప్పెదను, పనికివచ్చిన వాడుకొనవచ్చును. మేనల్లుని ఫోనులో బ్రౌజరు అమరికలు తెరచి, ఏయే పేజీలకు నోటిఫికేషను పంపుటకు అనుమతి ఇచ్చినాడో చూచి అన్నియు తీసివేసితిమి. రాత్రి పదకొండు గంటలకు ‘మీకొరకు 50 ఉచిత ఆటలు’ అని పిలుచునది అదే. యు.పి.ఐ. యాప్‌లో ఆటోపే అనుచోట వాడు ఎరుగకయే ఒప్పుకొన్న రెండు వాయిదాలుండెను, రద్దు చేసితిమి. రోజువారీ పరిమితి తగ్గించితిమి. ఎవడైన మోసపోయి డబ్బు పంపిన, సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెనని ఇంటిలో అందరికి చెప్పితిమి. ఆలస్యమైనకొలది డబ్బు ఒక ఖాతానుండి మరొక ఖాతాకు దాటిపోవును.

వానిని గల్లా నుండి తీసివేయుమని బంధువులు సలహా ఇచ్చినారు. నేను తీయలేదు. ప్రతి రాత్రి యు.పి.ఐ. జమలను బిల్లులతో సరిచూచు పని వానికే అప్పగించితిని. మొన్న నిల్వలో పన్నెండు రూపాయల తేడా వచ్చినది. ఎదుటి టీ కొట్టువాడు చిల్లరకొరకు మా క్యూఆర్‌లో వేసి రొక్కము తీసికొన్నాడని తేలువరకు వాడు ఇంటికి పోలేదు. ఆ పద్దును వాడు చిట్టాలో ఎఱ్ఱ సిరాతో వ్రాసినాడు.